చేపల కంటే ముందు నీళ్లు: హనుమకొండలో మా అక్వేరియం సిద్ధమైన తీరు

సంక్రాంతి దాటాక హనుమకొండలోని మా ఇంట్లో మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు గల గాజు తొట్టిని ఏర్పాటు చేసుకున్నాను. అడుగున పరిచిన ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా అందులో నికరంగా 90 లీటర్ల నీళ్లు పడతాయి. అంతా కలిపి క్వింటాలుకు మించిన బరువు కాబట్టి స్టాండును ఎండ పడని గోడవారగా, మట్టం చూసి నిలిపాను.

ముందుగా తేల్చుకోవలసింది ఏ నీళ్లు పోయాలన్న విషయం. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులు మా నగరానికి తాగునీటి ఆధారాలు. శుద్ధి చేసి వదిలే నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది చేపల మొప్పలకు హాని చేయడమే కాక, చేపల వ్యర్థాల విషాన్ని విరిచేందుకు ఫిల్టర్‌లో మనం పెంచుకోవలసిన బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. ఆర్‌ఓ నీళ్లు పోయమని చాలామంది చెప్పారు గానీ, వాటిలో క్షారత్వం, అంటే ఆమ్లాన్ని తట్టుకునే గుణం, దాదాపు ఉండదు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను మార్చే క్రమంలో బ్యాక్టీరియా ఆ క్షారత్వాన్నే ఖర్చు చేస్తుంది కనుక, అది అడుగంటితే పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార స్థాయిని తెలిపే అంకె) పడిపోయి బ్యాక్టీరియా పని నిలిచిపోతుంది. మా బోరు నీళ్లు లవణాలు ఎక్కువగా ఉండే కఠిన జలమే అయినా ప్రతి వారమూ ఒకే తీరుగా ఉంటాయి, పీహెచ్ 7.8 దగ్గర నిలకడగా ఉంటుంది. అందుకే బోరునే ఎంచుకుని, నీళ్లకు తగిన చేపలను తరువాత వెతుక్కోవాలని నిశ్చయించాను.

చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ కొద్దిపాటి మోతాదులోనే విషం. నైట్రేట్‌ను మాత్రం నీళ్లు మార్చి అదుపులో ఉంచవచ్చు. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా ఉండదు కాబట్టే, కొన్న వారానికే చేపలు తేలిపోయాయన్న మాట మనం తరచూ వింటాం. పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషరూపంలో ఉండే భాగం దాదాపు పది రెట్లవుతుంది. కనుక పీహెచ్ ఎక్కువగా ఉండే మా బోరు నీళ్లలాంటి వాటిలో ముందుగా నాలుగు చేపలను వదిలి చూద్దామనుకోవడం వాటిని హింసించడమేనని నా గట్టి అభిప్రాయం.

కనుక చేపలు లేకుండానే ఆ బ్యాక్టీరియాను పెంచాను. ప్రయోగశాలల్లో వాడే శుద్ధమైన అమ్మోనియం క్లోరైడ్‌ను అర గ్రాముకు కొంచెం పైగా తూచి వేస్తే 90 లీటర్లలో అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములవుతుంది. అంతకు మించి వేయలేదు. నైట్రైట్‌ను మార్చేది నైట్రోబ్యాక్టర్ అని పాత పుస్తకాల్లో ఉండేది. అక్వేరియాల్లో ఆ పని చేసేది నైట్రోస్పైరా జాతి అని 1998లో తిమోతీ హోవనెక్ బృందం ప్రచురించిన పరిశోధన చూపింది. తక్కువ నైట్రైట్‌లోనే బాగా పెరిగే జాతి అది, కాబట్టి అమ్మోనియా అతిగా వేయడం వల్ల ఒరిగేది లేదు. కాజీపేటలో ఉండే మిత్రుడు ఏళ్లుగా జబ్బు లేకుండా నడుస్తున్న తన తొట్టి నుంచి ఈ బ్యాక్టీరియా పట్టిన ఒక స్పాంజి ముక్కను అదే నీళ్లలో తడిగా ఉంచి ఇచ్చాడు. దానిని మా ఫిల్టర్‌లో పెట్టి, హీటరుతో నీటిని 28 డిగ్రీల దగ్గర ఉంచాను. రాత్రిళ్లు చలిగా ఉండే ఆ రోజుల్లో హీటరు లేకపోతే బ్యాక్టీరియా ఎదుగుదల బాగా మందగించేది.

“చేపలే లేవు గదా బిడ్డా, ఉత్త నీళ్లకు గింత కరెంటెందుకు?” అని అమ్మ రోజూ అడిగేది. గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, పరీక్ష ద్రావణం చుక్కలు వేసి, కిటికీ వెలుతురులో ఆమెకు చూపించేవాణ్ణి. మొదట్లో అమ్మోనియా గొట్టం ముదురు ఆకుపచ్చగా ఉండేది. రెండో వారం దాటాక అది లేతబడుతూ పసుపు వైపు జరిగింది, అంతవరకు లేత నీలంగా ఉన్న నైట్రైట్ గొట్టం మాత్రం చిక్కటి ఊదా రంగుకు తిరిగింది. ఆ ఊదా రంగు చాలా కాలం కదలలేదు. తొట్టిలో నీళ్లు అద్దంలా తేటగా కనిపిస్తున్నప్పుడు ఓపిక పట్టడం కష్టమే, కానీ నైట్రైట్ కంటికి కనిపించదు. అది రక్తంలో చేరి ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీస్తుంది. చివరకు సాయంత్రం వేసిన 2 మిల్లీగ్రాముల అమ్మోనియా మరునాటి సాయంత్రానికి అమ్మోనియాగా గానీ నైట్రైట్‌గా గానీ మిగలకుండా పోయింది. ఒక్కసారి చూసి నమ్మక, వరుసగా మరికొన్ని రోజులు అదే పరీక్ష చేశాను. ఆ తరువాత పేరుకున్న నైట్రేట్ పోయేందుకు ముప్పాతిక భాగం నీళ్లు మార్చాను. బోరు నీళ్లలోనే కొంత నైట్రేట్ ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని విడిగా పరీక్షించి, ఆ అంకెను రాసిపెట్టుకున్నాను.

చేపల ఎంపికను నీళ్లే చాలావరకు తేల్చాయి. దుకాణంలో మెరిసిపోతున్న నియాన్ టెట్రాలు అమెజాన్ ప్రాంతపు మృదు జలాలవి, వాటిని వద్దనుకున్నాను. గోల్డ్ ఫిష్ చల్లని నీళ్లు కోరేది, విసర్జన ఎక్కువ. కఠిన జలంలో హాయిగా ఉండే ప్లాటీలను, మన దేశపు వాగుల్లో పుట్టి గుంపుగా తిరిగే జీబ్రా డానియోలను ఎంచుకున్నాను. ముందుగా ఎనిమిది డానియోలను తెచ్చి, అదే ఫిల్టర్ స్పాంజిలో కొంత ముక్క పెట్టిన ప్లాస్టిక్ టబ్బులో రెండు వారాలు విడిగా ఉంచాను. తెల్లమచ్చల జబ్బు లాంటిది ఉంటే అక్కడే బయటపడుతుంది. తొట్టిలోకి మార్చేటప్పుడు వాటిని ప్లాస్టిక్ సంచిలోకి తీసి, ఆ సంచిని తొట్టి నీళ్లపై పావుగంట తేలనిచ్చి, తొట్టి నీళ్లను కొద్దికొద్దిగా కలిపి, చేపలను వలతో తీసి వదిలాను. సంచి నీళ్లను తొట్టిలో పోయలేదు. పరీక్షలు రోజూ సున్నా చూపించాకే ఐదు ప్లాటీలను కూడా అలాగే విడిగా ఉంచి కలిపాను. మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినగలిగినంతే.

ఇక ఎండల సంగతి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటితే తొట్టి నీళ్లు 31, 32కు చేరతాయి. 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు కరిగే ప్రాణవాయువు అప్పుడు 7.3కు తగ్గుతుంది. హీటరు తీసేసి, మూతకు బదులు దోమతెర వల కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పాను. గాలివానకు కరెంటు పోయినా గాలి అందేలా బ్యాటరీ పంపును ఉంచాను; నీళ్లు కదలకపోతే స్పాంజిలోని బ్యాక్టీరియాకూ ఊపిరి ఉండదు. ఆ స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండుతాను, నల్లా కింద ఎన్నడూ కడగను. అడుగున తిరిగే కోరీడోరాస్ చేపలకు ఇంత వేడి పడదు కనుక, వాటిని వానలు పడి నీళ్లు 27కు దిగాకే తెస్తాను.