పదకొండు మెట్ల అలవాటు

అంబాజీపేటలో మామయ్య కొబ్బరి కొట్టు లెక్కలు పదేళ్లుగా నేనే రాస్తున్నాను. నాకు చూపు లేదు. ఎక్సెల్‌లో ఒక్కో రకానికి ఒక్కో షీటు: నీటికాయ, తయారు కొబ్బరి, ఎండిన కురిడీ కాయలో గండేరా, గటగట రకాలు. కాయలకు ధర వెయ్యి లెక్కన, తయారు కొబ్బరికి క్వింటాలు లెక్కన. ఒక్కో గడినీ ఎన్‌వీడీఏ చదువుతుంటే వింటూ రాసుకుంటాను. తెర మీదున్నది పైకి చదివే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను, అంటే స్క్రీన్ రీడర్‌ను, 2006లో మొదలుపెట్టిన మైఖేల్ కరన్‌కూ చూపు లేదు. అందులోని తెలుగు గొంతు ఇనప డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉంటుంది. అది 'గటగట' అన్నప్పుడల్లా కొట్టుకు వచ్చిన రైతులు నవ్వుతారు. నాకు మాత్రం అలవాటైన గొంతు, ఎంత వేగంగా చదివినా అర్థమవుతుంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగుస్తుందని ముందే విన్నాను. మా పాత కంప్యూటర్ ప్రాసెసర్ విండోస్ 11కు పనికిరాదు. బ్యాంకు లావాదేవీలన్నీ అందులోనే కాబట్టి మామయ్య వెనకాడలేదు. రాజమహేంద్రవరం వెళ్లి కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చాడు.

ఆన్ చేస్తే నిశ్శబ్దం. చూపు లేనివాళ్లకు కొత్త కంప్యూటర్‌లో అన్నిటికన్నా భయపెట్టేది అదే. కంట్రోల్, విండోస్, ఎంటర్ మీటలు కలిపి నొక్కగానే విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ నరేటర్ ఇంగ్లీషులో పలికింది. భాష, వైఫై, పాస్‌వర్డ్ అన్నీ ఎవరి సాయమూ లేకుండా పూర్తిచేశాను. తరవాత పెన్‌డ్రైవ్ పెట్టాను. పాత కంప్యూటర్‌ను వదిలే ముందే పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీ చేసి ఉంచుకున్నాను. దాని నుంచి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత అమరికలు కూడా తీసుకోమని గుర్తు పెడితే చాలు. నా గొంతు, నా వేగం, ఏ విరామ చిహ్నాలు చదవాలో ఆ లెక్కతో సహా వచ్చేశాయి. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. కష్టమంతా మర్నాడు మొదలైంది.

మా ఇంటి వెనక కాలవ రేవుకు పదకొండు మెట్లుండేవి. బాగుచేసినప్పుడు తొమ్మిది చేశారు. తగ్గాయి కదా, సులువే అన్నారంతా. పదో మెట్టు కోసం చాచిన నా కాలు నీళ్లలో పడింది. ఫైలు పేరు మార్చబోయినప్పుడూ అదే అయింది. కింది బాణం ఎన్నిసార్లు నొక్కాలో నా వేళ్లకు లెక్క. కొత్త మెనూలో ఆ వరుస లేదు. కాపీ, పేరు మార్చడం వంటివన్నీ ఒక అడ్డువరుసలోకి చేరాయి. మధ్యలో ఉందేమో, పైన ఉందేమో అని వెతుకుతుంటే అన్నయ్య కొడుకు సాయానికొచ్చాడు. "అదిగో అత్తా, అక్కడే ఉంది, ఆ నీలం బొమ్మ" అన్నాడు. ఆ మాటతో నేనేం చేసుకోను? వాడిని టీ తెమ్మని పంపించాను.

పైగా ఈ ల్యాప్‌టాప్‌లో మెనూ తెరిచే మీటే లేదు. రెండు రోజులు దాన్ని తిట్టుకున్నాను. బదులుగా షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే, తెరుచుకున్నది కొత్త మెనూ కాదు! పాతదే, పాత వరుసతోనే. పోయిన మీట చేసిన మేలు అది.

ఇన్‌సర్ట్‌కు బదులు క్యాప్స్‌లాక్‌ను ఎన్‌వీడీఏకు ఆదేశాలిచ్చే మీటగా పెట్టుకున్నాను. క్యాప్స్‌లాక్‌తో ఒకటి అంకె నొక్కితే, ఆ తరవాత ఏ మీట ముట్టుకున్నా దాని పేరూ పనీ చెబుతుంది, పని మాత్రం చేయదు. పాడవుతుందన్న భయం లేకుండా కీబోర్డంతా తడిమాను. విండోస్ మీటతో 'ఏ' అక్షరం నొక్కితే ఇదివరకు నోటిఫికేషన్లు వచ్చేవి. ఇప్పుడు వైఫై, శబ్దం అమరికలు వస్తున్నాయి, నోటిఫికేషన్లు 'ఎన్' అక్షరానికి మారాయి. ఈ ఒక్కటి వేళ్లకు ఎక్కడానికి మూడు వారాలు పట్టింది.

స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చిందని పక్క కొట్టు గుమస్తా గోలపెడుతున్నాడు. నాకు అది ఎడమనున్నా, మధ్యనున్నా విండోస్ మీటే. ఎక్సెల్‌ను టాస్క్‌బార్‌లో మొదట పెట్టుకున్నాను కాబట్టి విండోస్ మీటతో ఒకటి అంకె నొక్కితే ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. చూపున్నవాళ్లను తికమకపెట్టిన మార్పు నన్ను తాకనే లేదు; ఆ మాట వాడితో అన్నాను కూడా, కొంచెం గర్వంగానే.

ఎన్‌వీడీఏ కూడా తీర్చలేని చిక్కు ఒకటి మిగిలింది. ఒక వ్యాపారి ధరల పట్టీ పాత తెలుగు ఫాంటులో పంపుతాడు. అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే యూనికోడ్ కాదు. తెర మీద తెలుగులా కనిపిస్తుందట, నాకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల చెత్తలా వినిపిస్తుంది. ఏ విండోస్ అయినా దానికి ఒకటే. ఆయనకు ఫోన్ చేసి అంకెలు చెప్పించుకుంటున్నాను.

సంక్రాంతి సెలవులకు వచ్చిన అన్నయ్య కొడుకు తన ల్యాప్‌టాప్‌లో ఏదో వెతుకుతూ విసుక్కున్నాడు.

"పాత మెనూ ఎటు పోయింది అత్తా?"

"షిఫ్ట్, ఎఫ్10 నొక్కు," అన్నాను, గండేరా షీటులోంచి తల తిప్పకుండానే.