ఇద్దరు బావలు, ఒక చావు

కార్తీకంలో ఆదివారం దుర్గగుడికి వెళ్లడం తెలివైనవాళ్లు చేసే పని కాదు. నేను వెళ్లాను. ఐదింటికి క్యూలో నిలబడితే బయటపడేసరికి ఎనిమిది దాటింది. అమ్మవారి దర్శనం అయ్యాక పక్కనే ఉన్న మల్లేశ్వరుడి గుడి దగ్గర కాసేపు కూర్చున్నాను. నిజానికి సగం ఆయన కోసమే కొండెక్కాను. పదో శతాబ్దంలో యుద్ధమల్లుడు మధ్యాక్కర పద్యాల్లో వేయించిన తెలుగు శాసనం ఇక్కడిదే. ఆ యుద్ధమల్లుడు వేంగి చాళుక్యుడు. ఆయన గద్దెనెక్కే ముందు వేంగిలో జరిగిన రభస చదివితే ఇప్పటి క్యాంపు రాజకీయాలు నయమనిపిస్తాయి. పసివాడైన రాజును పదిహేను రోజులకే దింపేసి తాళపుడు ఎక్కాడు. నెల తిరిగేసరికి తాళపుణ్ణి చంపి విక్రమాదిత్యుడు ఎక్కాడు. అన్నీ రాగిరేకుల మీద పేర్లతో సహా ఉన్నాయి. ఫలానావాణ్ణి చంపి రాజయ్యానని చెప్పుకోవడానికి ఎవరికీ మొహమాటం లేదు.

నా బుర్రలో తిరుగుతున్నది మాత్రం ఎవరూ చెప్పుకోని చావు. 1070లో చోళరాజు అధిరాజేంద్రుడు గద్దెనెక్కిన కొద్ది వారాలకే పోయాడు. అంతకు వందేళ్ల ముందటి చోళ యువరాజు ఆదిత్య కరికాలుడి హత్య గురించి అందరూ మాట్లాడతారు గానీ, దానికి కనీసం ఉడయార్‌గుడి శాసనంలో రవిదాసుడు, సోముడు, పరమేశ్వరుడు అని ద్రోహుల పేర్లయినా ఉన్నాయి. అధిరాజేంద్రుడి విషయంలో అదీ లేదు. పైగా ఆ చావుతో బాగుపడింది మనవాడే. ఆంధ్ర మహాభారతం రాయమని నన్నయను అడిగిన రాజరాజనరేంద్రుడి కొడుకు!

కొండ దిగి ప్రకాశం బ్యారేజీ మీద సగం దూరం నడిచాను. జామకాయ కోసి ఉప్పూ కారం అద్ది ఇచ్చే అబ్బాయి దగ్గర ఒకటి కొనుక్కుని రెయిలింగుకు ఆనుకున్నాను. గేట్ల కింద రాళ్ల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. అధిరాజేంద్రుడి తండ్రి వీరరాజేంద్రుడు ఈ చుట్టుపక్కలకే వచ్చాడు. 1067 ప్రాంతంలో ‘విసయవాడై’ దగ్గర పెద్ద యుద్ధం చేసి, కన్నడదేశాన్నేలే కల్యాణి చాళుక్యుల సైన్యాన్ని తరిమి, వేంగిని విజయాదిత్యుడికి ఇచ్చానని శాసనాల్లో రాయించుకున్నాడు. తన ఏనుగులు గోదావరి నీళ్లు తాగాయని కూడా రాయించాడు. కృష్ణ ఏం పాపం చేసిందో!

ఆ విజయాదిత్యుడు రాజరాజనరేంద్రుడికి సవతి తమ్ముడు. 1061లో అన్న పోగానే వేంగి మీద కూర్చున్నాడు. అన్న కొడుకు రాజేంద్రుడు బయటికి పోయి, బస్తరు వైపు చక్రకూటం దగ్గర యుద్ధాలు చేసుకుంటూ, వైరాగరం దగ్గర ఏనుగులు పట్టుకుంటూ తిరిగాడు. కులోత్తుంగ చోళుడు అన్న పేరు అతనికి తర్వాత వచ్చింది.

బస్సెక్కి గంటలో గుంటూరు చేరాను. బ్రాడీపేటలో అక్కావాళ్లింట్లో టిఫిను. మా బావ క్రిమినల్ లాయరు. చందవోలు దాకా కారులో తీసుకెళ్తానని వారం కిందటే మాటిచ్చాడు. ఊరికే కాదు, కేసంతా తనకు చెప్పాలి.

"ముందు చుట్టరికాలు చెప్పరా. అవి తేలకుండా ఏ మర్డరూ తేలదు" అంటూ ఏదో బెయిలు పిటిషను జిరాక్సు వెనక్కి తిప్పి పెన్ను తీశాడు.

చెప్పాను. వేంగి విమలాదిత్యుడికి రాజరాజ చోళుడు కూతురు కుందవనిచ్చాడు. వాళ్ల కొడుకు రాజరాజనరేంద్రుడు మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. వాళ్ల కొడుకు మన కులోత్తుంగుడు. అతనూ మేనమామ కూతురు మధురాంతకినే చేసుకున్నాడు. వీరరాజేంద్రుడు అతనికి ఇంకో మేనమామ. అంటే చనిపోయిన అధిరాజేంద్రుడు మేనమామ కొడుకు. అవతల కల్యాణి చాళుక్య విక్రమాదిత్యుడు కూడా చోళులల్లుడే. వీరరాజేంద్రుడి కూతుర్ని చేసుకున్నాడు.

బావ గీతలు కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "ఇదేంట్రా, ఇద్దరూ బావలే! ఒకడు అక్కో చెల్లో మొగుడు, ఒకడు మేనత్త కొడుకు."

"అవును బావా. ఒక బావ వచ్చి గద్దె ఎక్కించాడు. ఇంకో బావ ఎక్కాడు."

అక్క ఇంకో పెసరట్టు తెచ్చి ఆ వంశవృక్షం పక్కనే పెట్టింది. అల్లం పచ్చడి చుక్క ఒకటి మధురాంతకి మీద పడింది.

చేబ్రోలు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా టైరు పంచరయ్యింది. స్టెప్నీలో గాలి లేదు. పంచరు షాపు కుర్రాడు వచ్చి ట్యూబు తీసేదాకా చింతచెట్టు కింద నిలబడి సాక్షుల సంగతి చూశాం. ఉన్న సాక్షులు ఇద్దరు, ఇద్దరూ కవులే. బిల్హణుడు విక్రమాదిత్యుడి ఆస్థాన కవి. వీరరాజేంద్రుడు పోయాక దేశంలో గొడవలైతే తన ప్రభువు కంచికి వెళ్లి, దుష్టుల్ని అణిచి, చోళ రాజధాని గంగైకొండచోళపురంలో బావమరిదికి పట్టం కట్టి తుంగభద్రకు తిరిగి వచ్చాడంటాడు. వచ్చిన కొద్దిరోజులకే కబురు: మళ్లీ తిరుగుబాటు రేగింది, అధిరాజేంద్రుడి ప్రాణం పోయింది, వేంగి ప్రభువు ‘రాజిగుడు’ సింహాసనం పట్టేశాడు. రాజేంద్రుడన్న పేరును రాజిగుడని కుదించడంలోనే ఆ కవి కచ్చ తెలుస్తుంది. అయినా అతనే చంపాడని మాత్రం అనలేదు.

రెండో సాక్షి జయంగొండార్. కులోత్తుంగుడి కవి. వీరరాజేంద్రుడు పోయాక యజ్ఞాలు ఆగిపోయాయి, ధర్మం తప్పింది, గుళ్లు పాడుబడ్డాయి, అప్పుడు మా రాజు ఉత్తరం నుంచి వచ్చి దేశాన్ని నిలబెట్టాడంటాడు. మధ్యలో అధిరాజేంద్రుడనే మనిషి ఉన్నట్టే చెప్పడు.

"ఈ రెండోవాడి మీదే నా అనుమానం" అన్నాడు బావ. "అబద్ధం చెప్పే సాక్షిని క్రాస్‌లో పట్టుకోవచ్చు. ఊసే ఎత్తనివాణ్ణి ఏం చేస్తాం?"

నాకూ అదే అనిపిస్తుంది. అయితే జబ్బుచేసి పోయాడనే చరిత్రకారులూ ఉన్నారు. రామానుజుల్ని మేల్కోటకు పారిపోయేలా చేసిన ‘క్రిమికంఠ చోళుడు’ ఇతనేనని, జనమే తిరగబడ్డారని కొందరు రాశారు. ఆ క్రిమికంఠుడు కులోత్తుంగుడేనని మరికొందరు. ఒకే కథలో హతుడూ అనుమానితుడూ కూడా విలన్‌గా సరిపోవడం ఇక్కడే చూశాను.

చేబ్రోలులో భీమేశ్వరుడి గుడి మూసేసి ఉంది. మళ్లీ నాలుగింటికి తీస్తారట. చతుర్ముఖ బ్రహ్మ గుడి కోనేటి మధ్యలో ఉంటుంది కాబట్టి గట్టు మీంచే దండం పెట్టుకున్నాం. దాన్ని కట్టించినవాడు అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. నూటయాభై మంది చెంచుల్ని భోజనానికి పిలిచి నరికించాడని, ఆ పాపం పోవడానికే ఇన్ని గుళ్లు కట్టాడని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. చంపించినవాడి పేరు ఊరందరికీ తెలుసు. చచ్చిపోయినవాళ్ల పేర్లు ఒక్కటీ వినపడదు.

పొన్నూరు దాటాక రోడ్డుకు రెండువైపులా కోతకొచ్చిన వరి. చందవోలు చేరేసరికి మూడున్నర. ఇది వెలనాటి చోడుల రాజధాని, శాసనాల్లో ధనదపురం. లింగోద్భవస్వామి గుడి ముందు నాపరాయి మీద ఒకావిడ వడియాలు ఆరబోసింది. కోట ఎక్కడమ్మా అంటే గడ్డి మొలిచిన మట్టిగట్టు వైపు గడ్డం ఎత్తింది.

గంగైకొండచోళపురంలో పోయిన ప్రాణానికి ఈ గట్టుతో సంబంధం ఉంది. 1070 జూన్‌లో కులోత్తుంగుడికి పట్టాభిషేకమైంది. చోళరాజ్యం, వేంగి ఒక ఇంటి కిందికి వచ్చాయి. 1279 దాకా తంజావూరు దేశాన్ని ఏలింది ఈ చాళుక్య రక్తమే. ఆ గందరగోళం సింహళ రాజు విజయబాహువుకు కలిసొచ్చి అదే ఏడు సింహళం నుంచి చోళుల్ని వెళ్లగొట్టాడు. ఇక వేంగి సొంత రాజు లేని నాడైంది. బాబాయి విజయాదిత్యుడు పోయాక కులోత్తుంగుడు కొడుకుల్ని ఒక్కొక్కరినే పంపాడు. మొదట వచ్చిన ముమ్మడి చోడుడు అమ్మానాన్నల సేవకన్నా రాజ్యం గొప్పది కాదంటూ ఏడాదికే వెళ్లిపోయాడు. హాస్టల్లో చేర్చిన పిల్లాడిలా! వచ్చిపోయే రాజకుమారులతో నాడు నడవాలంటే ఇక్కడే పాతుకుపోయినవాళ్లు కావాలి. గొంకరాజు నుంచి వెలనాటివాళ్లు ఎదిగింది ఆ అవసరంలోనే.

కొడుకులతో కులోత్తుంగుడు అన్న మాట కూడా రాగిరేకుల్లో ఉంది. దిగ్విజయం మీద మనసుపడి వేంగిని మా బాబాయికి అప్పగించానంటాడు. బాబాయి లాక్కున్నాడని కాదు, తనే ఇచ్చాడని! సుంకాలు ఎత్తేసి జనంతో మంచి రాజనిపించుకున్నవాడు, 1122 దాకా ఏలినవాడు. తన కథ ఎలా రాయించుకోవాలో అతనికి తెలియదనుకోను.

విక్రమాదిత్యుడు మాత్రం మర్చిపోలేదు. 48 ఏళ్లు ఆగాడు. 1118లో కులోత్తుంగుడి కొడుకు విక్రమచోళుడు వేంగి వదిలి దక్షిణానికి వెళ్లగానే తన దండనాయకుల్ని పంపి వేంగిని పట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో పొన్నూరు దగ్గర టీ తాగుతుంటే బావ తీర్పు చెప్పాడు. "శవం లేదు, పంచనామా లేదు, చూసినవాడు లేడు. లాభపడ్డాడు కాబట్టి చంపాడంటే ఏ జడ్జీ ఒప్పుకోడు. కొట్టేస్తారు."

"మరి బావమరిది పోతే బావకు రాజ్యం రావడం యాదృచ్ఛికమేనా బావా?"

బావ గ్లాసు కింద పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"నీ దగ్గర ఏముందిరా, ఆ పాత స్కూటరు తప్ప?"