శేషాచలంలో పేరిత మొక్క ముందు

కేరళలో కోళికోడు దగ్గరి ఒక పెరట్లో, రెండు మీటర్లు దాటిన ఆకులతో తాటిచెట్టులా నిలబడిన సైకస్ సిర్సినాలిస్‌ను కొలిచి వచ్చిన ఏడాదికి, దాని తోబుట్టువని కొందరు, దానిలోనే ఒక రకమని మరికొందరు చెప్పిన మొక్కను చూడడానికి ఏప్రిల్ మొదటి వారంలో తిరుపతి చేరుకున్నాను. శేషాచలంలోనూ దాన్ని ఆనుకుని ఉన్న కడప కొండల్లోనూ తప్ప సహజంగా మరెక్కడా పెరగని ఆ మొక్కను ఇక్కడివారు పేరిత అంటారు. దాని శాస్త్రనామం సైకస్ బెడ్డోమియై. నాకు దొరికిన అనుమతి కొలతలకు, ఫొటోలకు మాత్రమే. ఆకు నడి కాడకు రెండు వైపులా ఈకల్లా ఉండే చిన్న ఆకులను పత్రకాలంటారు, వాటిలో ఒక్కదాన్నైనా తుంచకూడదు. మేము ఎక్కిన వాలు ఎక్కడుందో ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఆ సంగతి తెలియకూడనివారు కొందరున్నారు.

ఈ మొక్క పేరు వెనుక పాత వివాదం ఒకటి ఉంది. మద్రాసు అటవీశాఖ అధికారి బెడ్డోమ్ కడప కొండల్లో సేకరించిన నమూనాల ఆధారంగా 1883లో ఇంగ్లాండు వృక్షశాస్త్రవేత్త థిసెల్టన్ డయ్యర్ దీన్ని ప్రత్యేక జాతిగా వర్ణించి, బెడ్డోమ్ పేరే పెట్టాడు. 1932లో జర్మనీకి చెందిన వృక్షశాస్త్రవేత్త షుస్టర్ దీన్ని సిర్సినాలిస్ కింద ఒక రకంగా దించేశాడు. ఎండిన నమూనాలను మాత్రమే చూసేవారికి అలా అనిపించడంలో వింత లేదు, ఎందుకంటే హెర్బేరియం, అంటే ఎండు మొక్కల భాండాగారం, కాగితం మీద అతికించిన రెండు ఆకు ముక్కలు ఒకటి వెడల్పు, ఒకటి సన్నం అని మాత్రమే చెబుతాయి. ఆ తేడా వంశపారంపర్యంగా వచ్చిందో, వానలు తక్కువైన నేల తెచ్చిపెట్టిందో కాగితం చెప్పదు. ఆ ప్రశ్న పెట్టుకునే నేను కొండ ఎక్కాను.

మాకు దారి చూపిన యానాది పెద్దాయన వెంట, ఎర్రచందనం చెట్ల మధ్య నుంచి రెండు గంటలు నడిచాం. వాలు మీద గడ్డి కాలిపోయి నల్లగా ఉంది, ఆ మసిలోంచి పేరిత మొక్కలు లేత పచ్చ ఆకుల చుట్టలను పైకి తోస్తున్నాయి. మోకాలెత్తు కూడా లేని మాను చుట్టూ పాత ఆకుమొదళ్లు కవచంలా పేరుకుని ఉండడంతో మంట పైనుంచి పోయినా మొవ్వు చావలేదు. విచ్చుకుంటున్న లేత పత్రకాలు గడియారం స్ప్రింగులా చుట్టుకుని కనిపించాయి. సిర్సినాలిస్ అనే పేరు వచ్చింది ఆ చుట్టను బట్టే, అయితే అది సైకస్ ప్రజాతి అంతటా ఉండే లక్షణం కాబట్టి దాన్ని పట్టుకుని చుట్టరికం తేల్చలేం.

ముదిరిన ఆకు ఒకటి పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని భూతద్దం పెట్టాను. పత్రకం వెడల్పు మూడు, నాలుగు మిల్లీమీటర్లకు మించలేదు. రెండు అంచులూ కిందివైపుకు ముడుచుకుపోయి నడి ఈనెను దాదాపు తాకుతున్నాయి. అడుగు భాగాన్ని చూడాలంటే గోటితో అంచును విప్పాల్సి వచ్చింది, వదలగానే అది మళ్లీ ముడుచుకుంది. ఆకు మొత్తం పొడవు మీటరుకు అటూ ఇటూ ఉంది, కాడ మొదట్లో గోధుమరంగు నూగు కుచ్చులుగా ఉంది. కోళికోడులో నేను కొలిచిన పత్రకాలు బల్లపరుపుగా ఉన్నాయి, అన్నిటికన్నా సన్ననిది కూడా ఎనిమిది మిల్లీమీటర్లు ఉంది.

ఎండకు, కరువుకు అంచులు ముడుచుకునే మొక్కలు చాలా ఉన్నాయి కాబట్టి అక్కడితో ఆగడం సరికాదనిపించింది. అదే వాలు కింద, నీటి ఊట పక్కన, రోజంతా నీడ పడే బండల సందులో మరి కొన్ని పేరితలు ఉన్నాయని పెద్దాయన చెప్పగా అక్కడికి దిగాం. ఆ నీడలో ఆకులు పైవాటికన్నా జానెడు ఎక్కువ పొడవెక్కి, రంగు ముదిరి, వంగి ఉన్నాయి. అంటే నీరు, నీడ ఈ మొక్కను మారుస్తున్నాయి. కానీ పత్రకం వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు దాటలేదు, అంచులు అంతే గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. ఇరవైమూడు మొక్కలు చూశాను, సిర్సినాలిస్‌కూ దీనికీ మధ్యస్థంగా ఉన్నది ఒక్కటీ కనిపించలేదు. ఒకే జాతిలోని రకాలైతే ఎక్కడో ఒకచోట ఒకదాన్నుంచి మరొకదానికి జారే మెట్లు కనిపించాలన్నది నా నమ్మకం. ఇక్కడి కొండలకూ, సిర్సినాలిస్ పెరిగే పడమటి కనుమలకూ మధ్య ఎండు పీఠభూమి అడ్డుగా ఉంది, ఈ బరువైన గింజలు దాన్ని దాటి వెళ్లగలవనుకోను.

ఆ సాయంత్రం తిరుపతిలో బస చేసిన చోట తోటలో జపాన్ సైకస్, అంటే సైకస్ రెవల్యూటా, కుండీల్లో వరుసగా కనిపించింది. దాని పత్రకాల అంచులు కూడా కిందికే వంగి ఉన్నాయి. ఒక్క అంచును బట్టి చుట్టరికం నిర్ణయిస్తే ఎంత దూరం దారి తప్పుతామో ఆ కుండీలు గుర్తుచేశాయి. అందుకే పుప్పొడినిచ్చే మగ శంకువు, ఆడ మొక్క అండాలు మోసే ఆకులు, గింజ, అన్నీ చూడకుండా తీర్పు రాయకూడదు. పేరితను జాతి అంటామా, రకం అంటామా అన్నది పేరుకు సంబంధించిన పట్టింపు మాత్రమే కాదు. సైకస్ కుటుంబమంతా అంతర్జాతీయ వన్యజీవి వ్యాపార ఒప్పందం (సైటిస్) రెండో అనుబంధంలో ఉంటే, ఈ ఒక్క జాతి మొదటి అనుబంధంలో ఉంది. దాని మీదున్న కఠిన నిషేధం ఈ పేరును ఆసరా చేసుకుని నిలబడి ఉంది.

మరునాడు మగ శంకువుల కోసం మళ్లీ వెళ్లాం. సైకస్‌లో ఆడ, మగ వేర్వేరు మొక్కలు. వాలు మీద గుర్తుపట్టిన తొమ్మిది మగ మొక్కల్లో ఏడింటి నడినెత్తిన కత్తి గాటు పడిన మోడు మాత్రమే మిగిలింది. "మందుకని పువ్వు కోసుకొని పోయినారు సార్, ప్రతి ఏడూ ఇంతే," అన్నాడు పెద్దాయన, ఒక మోడు మీద గట్టిపడిన జిగురును వేలితో తడుముతూ. కొందరు దాన్ని బలం మందుగా నమ్ముతారని నాకు ముందే తెలుసు. కానీ శంకువు పోతే పుప్పొడి పోతుంది, అప్పుడు కింద ఊట దగ్గరున్న ఆడ మొక్కలకు గట్టి గింజ ఎలా వస్తుందన్నది అక్కడ నిలబడ్డాకే నన్ను నిజంగా కలవరపెట్టింది. మిగిలిన రెండు శంకువులు ఇంకా అరచేయంత కూడా ఎదగలేదు.

నోటుపుస్తకంలో ఆకుల పట్టిక నిండింది, ఆకుల మేరకు ఇది ప్రత్యేక జాతేనని రాశాను. మగ శంకువు గడులు ఖాళీగా ఉన్నాయి. శంకువు మిగిలిన ఆ రెండు మగ మొక్కల పక్కన రాళ్లు పేర్చి గుర్తు పెట్టి, మే నెలాఖరున మళ్లీ రావడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు ఇచ్చి రైలెక్కాను.