అనంతగిరి చలిలో 36 మందికి ఉప్మా

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

ఇంటికి చేరి గంట కూడా కాలేదు, ఒళ్లంతా అలసటగా ఉంది. అయినా ఈ ఉదయం పిల్లలు వండుకున్న అల్పాహారం గురించి ఇప్పుడే రాసుకోకపోతే కొలతలు మరచిపోతాను, వచ్చే ఏడాది మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవలసి వస్తుంది.

తొమ్మిది, పది తరగతుల పిల్లలను వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు తీసుకువెళ్లడం ఇది మూడోసారి. ఈసారి పిల్లలు 32 మంది, పెద్దలం నలుగురం. రక్షిత అడవిలో నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం కనుక, అడవి దాటాక ఒక రైతును అడిగి ఆయన మామిడి తోటలో గుడారాలు వేసుకున్నాం. అక్కడ కూడా కట్టెలు ముట్టుకోకుండా రెండు పెద్ద గ్యాస్ పొయ్యిల మీదే వండాం.

మొదటి ఏడాది నేను పొద్దున్నే రొట్టె, జామ్ పెట్టి నడకకు బయలుదేరదీశాను. పది గంటలకల్లా పిల్లల ముఖాలు వాడిపోయాయి, ఒక అబ్బాయి కళ్లు తిరిగి దారిలోనే కూర్చుండిపోయాడు. ఆ అబ్బాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండో ఏడాది ఇడ్లీ పిండి రుబ్బించి తీసుకువెళితే, రాత్రి చలికి అది పులవనే లేదు, ఇడ్లీలు రాళ్లలా వచ్చాయి. అప్పటి నుంచి శిబిరానికి తడి పిండి వద్దని, ఇంటి దగ్గర సగం పని పూర్తిచేసుకుని సంచిలో పెట్టుకుపోగలిగిన పొడి సరుకే మేలని నిశ్చయించుకున్నాను. నిన్న శనివారం అటుకుల ఉప్మాతో గడిచిపోయింది, అందులో చెప్పుకోవలసిన కష్టమేమీ లేదు. ఈ రోజు బొంబాయి రవ్వ ఉప్మా, రాగి జావ, ఉడికించిన గుడ్లు.

3 కిలోల రవ్వను గురువారం రాత్రే మా ఇంట్లో చెంచాడు నూనె వేసి, కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చల్లార్చి డబ్బాలో పోశాను. ఇలా చేస్తే రవ్వ ఉండ కట్టడం తగ్గుతుంది, తోటలో గ్యాసూ సమయమూ కలిసివస్తాయి. మనిషికి 80 గ్రాముల పైచిలుకు పడుతుంది. ఎదిగే పిల్లలు, పైగా కొండ ఎక్కవలసినవాళ్లు, అంతకంటే తక్కువ పెట్టకూడదు. ఇంట్లో ఒకటికి రెండున్నర నీళ్లు పోస్తాను గానీ, ఆరుబయట చలిగాలికి ఉప్మా త్వరగా బిగుసుకుపోతుంది కనుక ఇక్కడ ఒకటికి మూడు పోయించాను. తూకంతో లెక్కపెట్టకుండా ఒకే చెంబుతో రవ్వా నీళ్లూ రెండూ కొలవమని పిల్లలకు చెప్పాను. నీళ్లు 12 లీటర్లు దాటాయి.

అన్ని నీళ్లు తెర్లడానికి ముప్పావు గంట పడుతుందని తెలుసు కనుక, వంట వంతు వచ్చిన ఎనిమిది మందిని నాలుగున్నరకే లేపాను. దుప్పట్లు కప్పుకునే వచ్చి, టార్చిలైటు వెలుగులో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, అల్లం తరిగారు. రవ్వ పోసేటప్పుడు ఒకరు సన్నని ధారగా పోయాలని, ఇంకొకరు తెడ్డు ఆపకుండా తిప్పాలని ముందే చెప్పాను. అయినా పోసే అమ్మాయి చేయి వేడి ఆవిరికి బెదిరి ఒక్కసారి జారింది, గుప్పెడు రవ్వ ఒకేచోట పడింది. తిప్పే అబ్బాయి కంగారుపడకుండా ఆ ఉండలను గుండిగ అంచుకు నొక్కి ఒక్కొక్కటిగా చిదిపాడు. నేను తెడ్డు అందుకోబోయి ఆగిపోయాను. ఆగినందుకు ఇప్పుడు చాలా సంతోషంగా ఉంది. మంట తగ్గించి, మూత పెట్టి, అయిదు నిమిషాలు ఉంచాక ఉప్మా మెత్తగా దిగింది.

ఒక పాపకు వేరుశనగ పడదు. వాళ్ల అమ్మ ఆ సంగతి ముందే రాసి పంపారు. అందుకే తాలింపుకు పల్లీ నూనె కాకుండా పొద్దుతిరుగుడు నూనె వాడాం, పల్లీల జోలికే పోలేదు, చట్నీకి బదులు పుట్నాల పొడి చేసుకువెళ్లాను. మిగతా పిల్లలు ఒక్కరు కూడా పల్లీలేవని అడగలేదు. ప్రయాణానికి ముందు ప్రతి ఇంటి నుంచి ఇటువంటి వివరం రాతపూర్వకంగా తెప్పించుకోవడం సరుకుల జాబితా కంటే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

జావకు రాగి పిండిని ముందు చన్నీళ్లలో కలిపి, తర్వాతే మరిగే నీళ్లలో పోయించాను. ఉడికాక పాలు కలిపాం. బెల్లం మాత్రం పొయ్యి మీద నుంచి దించాకే వేయించాను, ఎందుకంటే మరిగే పాలలో బెల్లం వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది. చలికి వణుకుతున్న పిల్లలు రెండు చేతులతో స్టీలు గ్లాసులు పట్టుకుని, తాగడానికి ముందు కాసేపు వాటి వెచ్చదనంతోనే కూర్చున్నారు. కాగితపు పళ్లేలు వద్దని ఎవరి కంచం, గ్లాసు వాళ్లనే తెచ్చుకోమన్నాం, తిన్నాక ఎవరివి వాళ్లే కడుక్కున్నారు.

అప్పుడే తోట రైతు తల్లి గంపెడు పచ్చి కందికాయలు తెచ్చి నా ముందు దించింది. “పిల్లలు కొండెక్కుతరంట గద బిడ్డా, గివి ఉప్పేసి ఉడకబెట్టి సంచిల ఏసుకపోండ్రి” అంది. ఈ జిల్లాలోని తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిందని పిల్లలకు తరగతిలో చెప్పాను గానీ, పప్పు కాకముందు కంది ఎలా ఉంటుందో చాలామంది ఇప్పుడే చూశారు. జావ గిన్నె దిగిన పొయ్యి మీదే వాటిని ఉడికించాం. పైసలు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. మిగిలిన బెల్లం ఆమె గంపలోనే పెట్టి వచ్చాను.

ఏడున్నరకు నడక మొదలుపెట్టాం. మూసీ పుట్టే చోటుకు చేరేసరికి పదిన్నర దాటింది. ఈ పిల్లలు హైదరాబాదులో వంతెనల మీద నుంచి మాత్రమే చూసిన నది, ఇక్కడ చెట్ల నీడన సన్నని తడిగా మొదలవుతుంది. అక్కడ కూర్చుని కందికాయలు ఒలుచుకు తిన్నారు. ఎవరికీ కళ్లు తిరగలేదు.

బస్సులో తిరిగి వస్తుండగా, పొద్దున తెడ్డు తిప్పిన అబ్బాయి నా సీటు దగ్గరకు వచ్చి, “మేడం, మా ఇంట్ల ముగ్గురమే. ఎంత రవ్వ పొయ్యాలె?” అని అడిగాడు. గ్లాసున్నర రవ్వకు నాలుగున్నర గ్లాసుల నీళ్లని చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఇంట్లో అంత చలి ఉండదు కనుక నాలుగు చాలని సరిదిద్దాను. పెన్ను అడిగి తీసుకుని అరచేతిలో రాసుకున్నాడు.