సైబీరియా పిట్ట

సరిగ్గా ఆ ఆదివారమే సైన్సు మేడమ్ వాళ్ళమ్మాయికి పెళ్ళిచూపులు వచ్చిపడ్డాయి. "పిట్టల్ని లెక్కపెట్టడమే కదా మాస్టారూ, లెక్కల టీచరు మీరుండగా నేనెందుకు?" అంటూ తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మందిని నాకు అప్పజెప్పేసింది. తోడుగా మా స్కూల్లో చదివి ఇప్పుడు డిగ్రీలో జువాలజీ చేస్తున్న ఇద్దరు, ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ. పిట్టల పేర్లు వాళ్ళకి తెలుసు. నాకు తెలిసినవి కాకి, పిచ్చుక, కొంగ. కొంగల్లో మళ్ళీ రకాలుంటాయని ఎప్పుడూ పట్టించుకున్న పాపాన పోలేదు.

శ్రీకాకుళం జిల్లాలో పిట్టలు గూళ్ళు కట్టే తేలినీలాపురం వెళ్ళాలని పొద్దున్నే విజయనగరంలో పలాస మెము రైలు ఎక్కాం. చీపురుపల్లి దాటేదాకా పిల్లలు పులిహోర డబ్బాల గొడవలో ఉన్నారు. పొందూరు దగ్గర పొగమంచు విడి, కరెంటు తీగల మీద పసులపోలిగాళ్ళు కనబడ్డాక గానీ డిగ్రీ అమ్మాయికి మాట్లాడే సందు దొరకలేదు. ఫిబ్రవరి నడిమిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా ఇలా పిట్టల్ని లెక్కపెడతారట. 1998లో అమెరికాలో కార్నెల్ పక్షి పరిశోధనశాలా, పక్షుల్ని కాపాడే ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టిన పని ఇది. 2013 నుంచి మన దేశంలోనూ చేస్తున్నారు. నియమం పెద్దదేం కాదు. ఒక చోట కనీసం పదిహేను నిమిషాలు ఉండాలి, కనిపించిన ప్రతి జాతినీ ఎన్నున్నాయో రాయాలి, ఈబర్డ్ యాప్‌లో పంపాలి.

"పదిహేను నిమిషాలు తక్కువ కాదా అక్కా?" అని ఒకడు అడిగాడు.

"నువ్వు ఒక్కడివే అయితే తక్కువే. వేలమంది కదా" అంది.

2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక అలా పోగైన లెక్కల మీదే తయారైందట. ముప్పై వేల మందికి పైగా పక్షి ప్రేమికులు రాసిన మూడు కోట్ల నమోదుల నుంచి 942 జాతుల్ని పరిశీలించారు. పాలపిట్ట తగ్గిపోతోందని తేలింది అందులోనే. ఆ మాట నాకు గుచ్చుకుంది. దసరా నాడు పాలపిట్టని చూడందే మా నాన్న ఇంటికొచ్చేవాడు కాదు. ఈ మధ్య ఎన్ని దసరాలకి చూశానా అని వేళ్ళు ముడుచుకుంటే ఒక్కటీ గుర్తు రాలేదు. తగ్గినందుకు చూడలేదో, నేను తలెత్తనందుకు చూడలేదో మాత్రం చెప్పలేను.

నౌపడలో దిగి రెండు ఆటోలు మాట్లాడుకున్నాం. "తేలినీలాపురమా? సైబీరియా పిట్టలు బాగా ఉన్నాయండి ఈసారి" అన్నాడు ఆటో అతను. నేను తల ఊపాను. డిగ్రీ అమ్మాయి నవ్వి ఊరుకుంది.

ఊళ్ళోకి ముందు వాసన వచ్చింది, పిట్టలు తర్వాత. చేపల వాసనా, రెట్ట వాసనా కలిసి ముక్కుల్ని పట్టేసుకున్నాయి. ఇళ్ళ పక్కనే చింతచెట్లు, వాటి ఆకుల మీద ఎవరో సున్నం చల్లినట్టు తెలుపు. తలెత్తితే కొమ్మకొమ్మకీ గూళ్ళు. ఎర్రకాళ్ళ కొంగలు, తోక దగ్గర వాటి రెక్కల ఈకలకి గులాబి రంగు. పక్క చెట్టు మీద గూడబాతులు, ముక్కు కింద సంచీ వేలాడదీసుకుని, రిటైరైన హెడ్మాస్టర్లలాగా కూర్చున్నాయి. పెద్దయిన కొంగలకి గొంతు దాదాపు లేదట, ముక్కులు టకటకలాడిస్తాయంతే. గోలంతా పిల్లలదే, స్కూల్లో లాగే.

ఇక లెక్క. ఒకే చెట్టుని మూడు జట్లుగా లెక్కపెట్టమన్నాం. ఆడపిల్లల జట్టు 84 అంది, మగపిల్లలు 97 అన్నారు. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్న నేను 131 తేల్చాను. లెక్కపెట్టినంత సేపూ అవి ఎగురుతూ వాలుతూ ఉంటే, వాలినదాన్ని కలిపాను గానీ ఎగిరిపోయినదాన్ని తీసెయ్యలేదు. కూడిక వచ్చినవాడికి తీసివేత రాలేదన్నమాట. డిగ్రీ అబ్బాయి చిన్నబుచ్చకుండా ఉపాయం చెప్పాడు: ముందు ఒక కొమ్మ మీద పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర పట్టాయో కంటికి అలవాటు చేసుకోవాలి, తర్వాత చెట్టంతా అలాంటి పదులు ఎన్నున్నాయో చూడాలి. రెండోసారి మూడు జట్లకీ 86, 90, 88 వచ్చాయి. గూట్లో గుడ్లు లెక్కలోకి రావు, గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల వస్తుంది. దీని మీద పిల్లల మధ్య ఓ చిన్న పార్లమెంటే జరిగింది.

లెక్కలు యాప్‌లో ఎక్కించేటప్పుడు ఓ అమ్మాయి గూడబాతులు 46 అని కొట్టబోయి 460 కొట్టింది. అంత ఎక్కువా, ఖాయమేనా అని యాప్ ఎదురడిగింది. ఆ పిల్ల "మెచ్చుకుంటోంది సార్" అని ఫోను నాకు చూపించింది! సున్నా తీసేశాక కూడా అక్క తననే చూస్తోందేమో అని చాలాసేపు బెంగగా తిరిగింది.

అరుగు మీద చేట పట్టుకున్న ఒక ముసలామె మమ్మల్ని చూస్తూనే ఉంది. "ఏటి బాబూ, అలగ రాసుకుంటన్నారు?" అంది. చెప్పాను.

"ఇప్పుడేటున్నాయి. తిత్లీకి సెట్లు పడిపోకముందు సూడాల్సింది. ఈ సందులోన ఎండ పడీది కాదు."

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఏమయ్యాయో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. పిట్టలు కూర్చునే కొమ్మలు ఎన్ని పోయాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. 2022 మొదట్లో గూడబాతులు చచ్చిపోయిన సంగతి కూడా ఆమే ఎత్తింది. తిన్న చేపల వల్ల కడుపులో నులిపురుగులు పడి చచ్చాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. "పొద్దున్న తలుపు తీస్తే గుమ్మం ముందల పడుండీవి. పిల్లలు అన్నం తిన్లేదు" అంది.

మా వాడొకడు పుస్తకం తీసి "తుపాను ముందు ఎన్నుండేవి మామ్మా?" అని అడిగాడు. ఆమె రెండు చేతులూ చాపి "ఇదిగో, ఇన్ని" అంది. వాడు అక్క మొహం చూశాడు. ఆ గడిలో ఈ రోజు మన కళ్ళతో చూసింది మాత్రమే రాయాలంది డిగ్రీ అమ్మాయి. మామ్మ చెప్పింది కింద వ్యాఖ్యల దగ్గర రాయమంది. అది న్యాయమే గానీ, డెబ్భై ఏళ్ళు చూసిన మనిషి మాట కింద గడిలోకి, ఇరవై నిమిషాలు చూసిన మా మాట పై గడిలోకి వెళ్ళడం నాకు పూర్తిగా మింగుడుపడలేదు.

బయల్దేరుతుండగా ఇందాకటి వాడే మళ్ళీ అడిగాడు. "అక్కా, సైబీరియా వీటి ఇల్లయితే గూడు ఇక్కడెందుకు కట్టుకున్నాయి?"

"అవి సైబీరియావి కావురా. గూడబాతైనా ఎర్రకాళ్ళ కొంగైనా మన దేశంలోనూ చుట్టుపక్కలా ఉండేవే. నీళ్ళూ చేపలూ చూసుకుని తిరుగుతాయి. సైబీరియా నుంచి వచ్చేవి చలికాలం గడుపుకుని పోతాయి గానీ ఇక్కడ గుడ్లు పెట్టవు."

నేను చెప్పుల పట్టీ సర్దుకున్నాను. ఏటా పిల్లలకి తేలినీలాపురం అనగానే సైబీరియా అని చెప్పింది నేనే. గూడు కళ్ళెదురుగా ఉన్నా ఆ ప్రశ్న నాకు రాలేదు, తొమ్మిదో తరగతి వాడికొచ్చింది.

మధ్యాహ్నం నౌపడ ఉప్పుమడుల వైపు వెళ్ళాం. ఎండకి కళ్ళు తెరవలేం. తెల్లటి ఉప్పు కుప్పలు, మడుల్లో చీలమండ లోతు నీళ్ళు. ఏమీ లేదనుకున్నాను. డిగ్రీ అబ్బాయి బైనాక్యులర్ నా చేతికిచ్చి గట్టు పక్క బురద చూపించాడు. బురదే కదులుతోందనిపించింది. పిచ్చుకంత పిట్టలు, బూడిద రంగువి, కుట్టుమిషను సూదిలా ముక్కుతో పొడుస్తూ పరుగెడుతున్నాయి. చిన్న ఉల్లంకులట.

"మీ సైబీరియా పిట్ట ఇదే మాస్టారూ. ఉత్తర ధ్రువం వైపు మంచు కరిగే చోట గుడ్లు పెట్టి, చలికి ఇంత దూరం వస్తుంది."

అరచేతిలో పట్టేంత పిట్ట. దీని కోసం ఎవరూ ఆటో కట్టించుకుని రారు. పదుల ఉపాయంతో 70 దాకా లెక్కపెట్టాను. ఈసారి డిగ్రీ అబ్బాయికి 72 వచ్చింది. పైకి ఏమీ అనలేదు గానీ లోపల పొంగిపోయాను.

నౌపడ స్టేషన్లో రైలుకి ఇంకా టైముందని, పిల్లలు ప్లాట్‌ఫారం మీదే కొత్త లిస్టు తెరిచారు. కాకులు 14, గోరింకలు 6, రేకుల మీద పావురాలు 9. అవతలి పట్టాల పక్కన తీగ మీద నీలంగా ఏదో వాలింది. రెక్క విప్పితే గానీ అది పాలపిట్టని తెలియలేదు. సార్, సార్ అని పదకొండు మందీ అరిచారు. నేను చెయ్యెత్తి దణ్ణం పెట్టబోయి, ఫిబ్రవరిలో పెట్టొచ్చో లేదో అని ఆగిపోయాను. ఈలోగా మెము వచ్చేసింది.

పెట్టెలో కూర్చున్నాక చూసుకుంటే పదమూడు నిమిషాలే అయింది.