గడిలో గది బుక్ చేసే ముందు

వరంగల్ చూడ్డానికి వస్తూ, పాత గడిలోనో (దొరలు ఉన్న కోటలాంటి ఇల్లు) భవంతిలోనో ఉండాలనుకునేవాళ్లకు ఒక మాట. ఫొటోల్లో దర్వాజా చెక్కడం తర్వాత చూడొచ్చు, ముందు గోడ కింది మూడడుగులు చూడండి. డంగు సున్నంతో, అంటే గానుగలో నూరిన సున్నంతో, కట్టిన గోడ నేల తేమను పీల్చి బయటికి వదిలేస్తుంది. మరమ్మతు పేరుతో దానిమీద సిమెంటు పూస్తే తేమకు దారి ఉండదు. పైకి పాకుతుంది, పెయింటు పొక్కులు లేస్తుంది, గోరుతో గీకితే తెల్లటి ఉప్పు రాలుతుంది. అలాంటి గదిలో వానాకాలం ముక్కిన వాసన ఎన్ని అగరొత్తులు వెలిగించినా పోదు.

మందపాటి గోడలు పగలు చల్లగా ఉంచుతాయి, నిజమే. కానీ గోడలో దాగిన వేడి లోపలికి వచ్చేది రాత్రి పూటనే. మే నెలలో అయితే పడమటి ఎండ తగలని గది, నడిమి వాకిలి (ఇంటి మధ్యలోని ఖాళీ జాగా) వైపు కిటికీ ఉన్నది అడగండి. బాత్రూం చాలాచోట్ల తర్వాత కట్టిందే. గదిని ఆనుకుని ఉందా, వాకిలి దాటి పోవాలా అని అడగడానికి మొహమాటమెందుకు?

హన్మకొండలో దిగితే వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు రెండూ దగ్గరే. ఖిలా వరంగల్ తోరణాలకు ఆటో చాలు. 1213 నాటి రామప్ప గుడి మాత్రం 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఒక పూట దానికే పెట్టుకోండి. గుడి తూర్పు ముఖం కాబట్టి నల్లరాతి మదనికల (నాట్యకత్తెల శిల్పాల) నగిషీ పొద్దుటెండలోనే బాగా తేలుతుంది. టిఫిన్ కట్టించుకుని ఆరింటికల్లా బయల్దేరండి.