నెయిల్ ఆర్ట్ బ్రష్‌ల కుదురును కాపాడుకోవడం

నెయిల్ ఆర్ట్ బ్రష్ పాడవడం కొన దగ్గర మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. కొన రెండుగా చీలినప్పుడో, సన్నగా రావలసిన గీత మందంగా పడినప్పుడో మాత్రమే మనకు అనుమానం కలుగుతుంది కాబట్టి అలా అనుకోవడంలో వింతేమీ లేదు. అయితే ఆ చీలికకు అసలు కారణం చాలాసార్లు కుదురులో, అంటే వెంట్రుకలన్నీ కలిసి లోహపు గొట్టంలోకి దిగే చోట ఉంటుంది. అక్కడ ఎండిన రంగు గానీ గట్టిపడిన జెల్ గానీ కొద్దికొద్దిగా పేరుకుంటున్న కొద్దీ వెంట్రుకలు మొదట్లోనే ఎడమవుతాయి. మొదట్లో వెంట్రుకవాసి ఎడం వచ్చినా కొనకు చేరేసరికి అది కంటికి కనిపించేంత అవుతుంది. కొనను మాత్రం రుద్దిరుద్ది కడిగి, కుదురును వదిలేస్తే ఆ శ్రమ వృథా. ఈ టపాలో నేను చెప్పబోయేదంతా ఆ కుదురును శుభ్రంగా, బిగువుగా నిలుపుకోవడం గురించే.

కడగడానికి కూర్చునే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: బ్రష్‌లో ఉన్నది ఏమిటి? మామూలు నెయిల్ పాలిషా, నీటితో కలిపే అక్రిలిక్ రంగా, జెల్లా, లేక పొడి, ద్రవం కలిపి గోరును పొడిగించే అక్రిలిక్కా? ఈ నాలుగూ గట్టిపడే తీరు వేరు కనుక వదిలే తీరూ వేరే. పాలిష్‌ను తీసే ద్రావణమైన అసిటోన్ సీసా ఒక్కటే పక్కన పెట్టుకుని అన్ని బ్రష్‌లనూ అందులోనే ముంచే అలవాటు చాలామందికి ఉంది. ఖరీదైన బ్రష్‌లు త్వరగా పాడైపోవడానికి ఈ అలవాటును మించిన కారణం లేదని నా అభిప్రాయం.

మామూలు నెయిల్ పాలిష్‌తో పెద్ద చిక్కు లేదు. అందులో ప్రధానంగా ఉండే నైట్రోసెల్యులోజ్ ఇథైల్ అసిటేట్, బ్యుటైల్ అసిటేట్ వంటి ద్రావణాల్లో కరిగి ఉంటుంది; ఆ ద్రావణాలు ఆవిరైపోతే పాలిష్ ఆరిపోతుంది. ఆరడంలో రసాయనిక మార్పేమీ జరగదు కాబట్టి, ఎన్నాళ్ళ తరువాతైనా అసిటోన్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. గాజు గిన్నెలో గానీ స్టీలు గిన్నెలో గానీ కొద్దిగా అసిటోన్ పోసుకుని, వెంట్రుకల్లో మూడింట రెండు వంతులు మాత్రమే మునిగేలా ముంచి, అడుగుకు నొక్కకుండా అటూ ఇటూ కదిలించి, మడిచిన టిష్యూ మీద కుదురు నుంచి కొన వైపుగా లాగాలి. టిష్యూ మీద రంగు చార పడడం ఆగేవరకూ ఇలాగే చేయాలి. పలచని ప్లాస్టిక్ కప్పులు దీనికి పనికిరావు. పాలీస్టైరీన్ వంటి ప్లాస్టిక్‌ను అసిటోన్ మెత్తబరచి కరిగిస్తుంది, ఆ జిగురంతా బ్రష్‌కే అంటుకుంటుంది.

అసిటోన్‌లో బ్రష్‌ను నిలబెట్టి వదిలేయడం మాత్రం ఎప్పుడూ మంచిది కాదు. ద్రవం లోహపు గొట్టంలోకి పాకి, వెంట్రుకలను పట్టి ఉంచే జిగురును మెత్తబరుస్తుంది, పిడి మీది వార్నిష్‌ను ఊడగొడుతుంది. పైగా బ్రష్ బరువంతా కొన మీద పడి కొన వంగిపోతుంది. నైలాన్ వెంట్రుకలు అసిటోన్‌ను బాగానే తట్టుకుంటాయి, జిగురే తట్టుకోలేదు. కడిగిన కొన్నాళ్ళకు ఒక్కొక్క వెంట్రుక ఊడి గోటి మీద పడుతుంటే లోపలి జిగురు వదిలిందని అర్థం.

నీటితో కలిపే అక్రిలిక్ రంగుల విషయంలో వేగం ఒక్కటే ముఖ్యం. తడిగా ఉన్నంతసేపూ మామూలు నీళ్ళకే వదిలిపోతుంది. ఒకసారి ఆరి పొరకట్టాక నీళ్ళకు లొంగదు. అందుచేత రంగు మార్చిన ప్రతిసారీ కడిగేయాలి, పని మధ్యలో ఫోన్ వస్తే బ్రష్‌ను నీళ్ళలో ఒకసారి ఝాడించి పక్కన పెట్టాలి. ఆరిపోయిన రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తబరచి కొంతవరకు తీయవచ్చు.

ఇక జెల్. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పాలిష్‌కు పనికొచ్చిన తర్కమేదీ జెల్‌కు పనికిరాదు. జెల్ గాలికి ఆరదు, వెలుతురుకు గట్టిపడుతుంది. అందులోని ఫోటోఇనిషియేటర్ అనే పదార్థం సుమారు 365 నుంచి 405 నానోమీటర్ల మధ్య ఉండే కాంతిని గ్రహించి చర్యను మొదలుపెడితే, చిన్న చిన్న అణువులు ఒకదానికొకటి అల్లుకుని వలలాంటి నిర్మాణం ఏర్పడుతుంది. అలా అల్లుకున్నాక దానిని తిరిగి ద్రవంగా మార్చగల ద్రావణమంటూ లేదు. సోక్ ఆఫ్ జెల్ పాలిష్‌ను అసిటోన్‌తో తీస్తాం కదా అని అడగవచ్చు. అక్కడ కూడా అది నిజంగా కరగడం లేదు, ఉబ్బి పొరలుగా లేచి వస్తోంది. గోటి మీద పొరను గీకి తీయవచ్చు, సన్నని వెంట్రుకల నడుమ ఉబ్బిన పొరను గీకాలంటే వెంట్రుకలు కూడా దానితోనే వస్తాయి.

అందుకని జెల్ బ్రష్‌కు కడగడం కంటే వెలుతురు తగలకుండా చూడడం ముందు. జెల్‌ను గట్టిపరిచే ల్యాంప్ వెలిగి ఉన్నప్పుడు దాని నోటికి ఎదురుగా బ్రష్ పెట్టకూడదని అందరికీ తెలుసు. తెల్లని బల్ల మీద పడి తిరిగివచ్చే కాంతి కూడా చాలునన్నది తెలిసినవారు తక్కువ. కిటికీ పక్కన కూర్చుని పని చేసేవారికి ఎండతో కూడా ఇదే ఇబ్బంది, ఎందుకంటే కిటికీ అద్దం అతినీలలోహిత కాంతిలో ఈ పనికి చాలినంత భాగాన్ని లోపలికి వదులుతుంది. ఒక రంగు వేసి, చేతిని ల్యాంప్‌లో పెట్టించి, ఆ కొద్దిసేపు బ్రష్‌ను పక్కన పడేస్తాం. ఆ కొద్దిసేపట్లోనే కుదురులో మిగిలిన జెల్ పైపొర బిగుసుకుంటుంది. ఇలా జరిగిన బ్రష్‌ను దీపం కింద ఏటవాలుగా పట్టుకుని తిప్పి చూస్తే, లోహపు అంచుకు కాస్త పైన వెంట్రుకల చుట్టూ సన్నని మెరిసే వలయం కనిపిస్తుంది. గోటితో తాకితే అక్కడ వెంట్రుకలు విడివిడిగా కదలవు, ఒకే ముద్దగా కదులుతాయి. ఆ వలయం కనిపించిన లైనర్ బ్రష్‌తో సన్నని గీతలు గీయాలన్న ఆశ వదులుకోవడం మేలు. ల్యాంప్ వెలిగించే ముందు బ్రష్‌ను మూతలో పెట్టడమో, ముదురు రంగు గుడ్డ కింద దాచడమో అలవాటు చేసుకుంటే ఈ గొడవే ఉండదు.

పని అయ్యాక జెల్ బ్రష్‌ను శుభ్రం చేసే పద్ధతి ఇది. ముందుగా నూలుపోగులు వదలని తుడుపు గుడ్డ మీద, వెంట్రుకలను పరుచుకోనిస్తూ, కుదురు నుంచి కొనకు మెల్లగా లాగి ఎక్కువగా ఉన్న జెల్‌ను తీసేయాలి. దూది వాడకూడదు, దాని పోగులు జెల్‌కు అతుక్కుని మరుసటి డిజైన్‌లో తేలతాయి. తరువాత రంగులేని జెల్ చుక్క ఒకటి పలకపై వేసుకుని, బ్రష్‌ను దానిలో అటూ ఇటూ తిప్పి, కుదురు దాకా పట్టించి, మళ్ళీ గుడ్డ మీద లాగాలి. రంగును రంగులేని జెల్ తనలో కలుపుకుని బయటకు తెస్తుంది. గుడ్డ మీద చార తెల్లగా వచ్చేవరకు ఇలా చేస్తే చాలు. ముదురు రంగు నుంచి తెలుపుకు మారుతున్నప్పుడు మాత్రం ఆఖరున ఆల్కహాల్‌లో ఒకసారి ముంచి తుడుస్తాను, అదికూడా పూర్తిగా ఆవిరయ్యాకే బ్రష్‌ను జెల్ డబ్బాలో పెడతాను. తడి మిగిలి ఉంటే జెల్ పలచబడి గీత పక్కలకు పాకుతుంది. ప్రతిరోజూ ఆల్కహాల్‌తో కడగవలసిన అవసరం నాకైతే కనిపించలేదు. తెలుపుకు ఒకటి, మెరుపులకు ఒకటి వేరువేరు బ్రష్‌లు పెట్టుకోవడం అన్నిటికన్నా సుఖం, ఎందుకంటే గ్లిటర్ రేణువులు ఏ ద్రావణంలోనూ కరగవు, కుదురులో ఇరుక్కున్నవి ఎప్పటికీ పూర్తిగా రావు.

దాచే ముందు రంగులేని జెల్ కొద్దిగా పట్టించి, కొనను సూదిలా తీర్చి, మూతపెట్టి, చీకటి సొరుగులో పడుకోబెట్టాలి. మూత పెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ లైనర్ బ్రష్‌లకు ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. ఒక్క వెంట్రుక మూత అంచున మడతపడితే మరునాటికి అది కొక్కెంలా వంగి ఉంటుంది. బ్రష్ కొనను కిందికి పట్టుకుని, మూతను కింది నుంచి మెల్లగా ఎక్కిస్తూ, వెలుతురుకు ఎదురుగా కాకుండా పక్కవాటుగా చూసుకుంటే బయట మిగిలిన వెంట్రుక కనబడుతుంది.

పొడి, ద్రవం కలిపి వాడే అక్రిలిక్ బ్రష్‌లు వేరే జాతివి. వీటిలో మేలైనవి కొలిన్స్కీ వెంట్రుకలతో చేస్తారు; అవి సైబీరియా ప్రాంతపు ముంగిసలాంటి చిన్న జంతువు తోక వెంట్రుకలు. మన జుట్టులాగే అవీ కెరాటినే, వాటికీ సహజమైన జిడ్డు ఉంటుంది, ఆ జిడ్డే వాటి నునుపునూ పొంకాన్నీ కాపాడుతుంది. అసిటోన్‌లో ముంచితే ఆ జిడ్డు పోయి వెంట్రుకలు ఎండుగడ్డిలా పెళుసెక్కుతాయి. వీటిని కడగడానికి తగినది, పనిలో వాడిన ద్రవమే, అంటే మోనోమర్. ఈ ద్రవంలో ఎక్కువగా ఉండేది ఇథైల్ మెథాక్రిలేట్. పొడిలో ఉండే బెంజాయిల్ పెరాక్సైడ్ దానితో కలిసినప్పుడు గట్టిపడే చర్య మొదలవుతుంది. కాబట్టి ప్రతి ముద్ద పెట్టాక బ్రష్‌ను తుడవడం, పని ముగిశాక తాజా మోనోమర్‌లో ముంచి తుడవడం తప్పనిసరి. కుదురులో గట్టిపడిన ముద్ద ఉంటే తాజా మోనోమర్‌లో కాసేపు నాననిచ్చి, మెత్తబడ్డాక గుడ్డ మీద లాగాలి. గోళ్ళతో గిల్లి తీయకూడదు. గిన్నెలో మిగిలిన మోనోమర్‌లో పొడి రేణువులు కలిసి ఉంటాయి కనుక దానిని తిరిగి సీసాలో పోయకూడదు. కొత్త అక్రిలిక్ బ్రష్ గంజి పెట్టినట్టు బిరుసుగా వస్తుంది. తడపకముందే వేళ్ళతో మెల్లగా విప్పి, అప్పుడు రాలే పొడిని దులిపేసి, తరువాతే మోనోమర్ పట్టించాలి.

వేళ్ళు అన్నాను కాబట్టి ఇంకో మాట. కొత్త, పొడి బ్రష్‌ను వేళ్ళతో విప్పవచ్చు గానీ, జెల్ లేక మోనోమర్ అంటిన కొనను వేళ్ళతో తీర్చడం ప్రమాదకరం. వాటిలో ఉండే అక్రిలేట్లు అనే రసాయనాలు గట్టిపడకముందు చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు, జెల్ పాలిష్‌లలో తరచుగా ఉండే హెమా (HEMA) అనే రకం దీనికి బాగా పేరుపడ్డది. ఒకసారి వచ్చిన అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది, పళ్ళకు వాడే కొన్ని సిమెంట్లు, ఫిల్లింగులు కూడా ఆపై సరిపడకపోవచ్చు. కడిగేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి, వాటిమీద మోనోమర్ పడితే వెంటనే మార్చాలి, ఎందుకంటే అది వాటిగుండా కూడా ఇంకుతుంది. జెల్ తుడిచిన గుడ్డలను ల్యాంప్ కింద గట్టిపరచి చెత్తలో వేయడం మంచిది. అసిటోన్ విషయంలో నిప్పు దగ్గరకు రానివ్వకూడదని వేరే చెప్పనక్కరలేదు. దాని ఆవిరి సున్నాకు దిగువన ఇరవై డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, గాలికంటే బరువైనది కనుక బల్ల మీదా నేల మీదా పాకుతుంది.

చుక్కలు పెట్టే డాటింగ్ టూల్ గురించి చెప్పవలసింది తక్కువ: లోహపు గుండును అసిటోన్‌తో తుడిస్తే సరి. గోటి పొడి దులిపే బ్రష్‌ను మాత్రం అందరూ మరచిపోతారు, ఎందరి వేళ్ళమీదో తిరిగేది అదే. సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక, 70 శాతం ఆల్కహాల్ చల్లాలి; అందులోని నీరు అది వెంటనే ఆవిరి కాకుండా ఆపుతుంది, సూక్ష్మజీవుల ప్రోటీన్ల మీద పనిచేయడానికీ తోడ్పడుతుంది, కాబట్టి ఇంకా గాఢమైన ఆల్కహాల్ కంటే ఇదే మేలు. రక్తం అంటిన బ్రష్ ఏదైనా సరే పారేయవలసిందే, కక్కుర్తి పడకూడదు.

కడిగిన బ్రష్‌ను పైకి నిలబెట్టి ఆరబెట్టవద్దు. తడి కిందికి, అంటే మళ్ళీ కుదురులోకే దిగుతుంది. కర్ర పిడి ఉబ్బి, దాని రంగు పగిలి, గొట్టం వదులవుతుంది. పడుకోబెట్టాలి, లేదా కొన కిందికి ఉండేలా వేలాడదీయాలి. వంగిన నైలాన్ వెంట్రుకలను వేడినీళ్ళలో కొన మాత్రం కొన్ని క్షణాలు ముంచి, తడి టిష్యూ మధ్య తీర్చి ఆరనిస్తే చాలావరకు నిటారవుతాయి. మరిగే నీళ్ళు వద్దు, జిగురు వదులుతుంది. పక్కకు పొడుచుకువచ్చిన ఒంటరి వెంట్రుకను పీకకూడదు, సన్నని కత్తెరతో లోహపు అంచుకు ఆనించి కత్తిరించాలి. పీకితే పక్కవాటి పట్టు కూడా సడలుతుంది.

ఇంత చేసినా లైనర్ ఎప్పుడో ఒకప్పుడు పదును కోల్పోతుంది. నైలాన్‌దైతే పారేయకుండా, గోటి చుట్టూ చర్మం మీదికి పాకిన మామూలు పాలిష్‌ను అసిటోన్‌తో తుడవడానికి వాడుకోవచ్చు. చీలిన కొన ఆ పనికి అడ్డురాదు. జెల్ బ్రష్‌లలో కలిసిపోకుండా దాని పిడికి ఒక గుర్తు వేసి, వేరే డబ్బాలో పెట్టుకోవాలి.